తూముకు ఎగువన

హెరన్ క్రీక్, మానిటోబా
14 మే 2023

ఏనీకి వదిన రాస్తున్నది,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్లో అంతసేపు మాట్లాడావు, నాకు అందులో సగమే వినబడింది. ‘సరే సరే’ అన్నాను గాని దేనికి సరే అన్నానో నాకే తెలియదు. పాలు పితికే మిషన్ల రొద రోజుకు పది గంటలు చెవి పక్కనే ఉంటుంది. ఎడమ చెవి దాదాపు పోయినట్టే. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొడితే నాకు మాట్లాడినట్టుండదు. అందుకే కాగితం తీశాను. నువ్వూ కాగితం మీదే రాయి. మా పోస్టు డబ్బా హైవే పక్కన ఉంది. అక్కడిదాకా నడిచి వెళ్లి తెచ్చుకోవడం నాకిష్టం.

ఇక్కడ నూట నలభై ఆవులు, మేం ముగ్గురు పనివాళ్లం, యజమాని ఫ్రీసెన్ గారు. ఆయనకు అరవై ఎనిమిది. భార్య పోయి నాలుగేళ్లు. ఒక్కతే కూతురు, నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగం, ఈ పొలం ముఖం చూడదు. ఆవులకు పేర్లు లేవు, నంబర్లే. కానీ ఏ నంబరుకు తల్లి ఎవరో, ఆ తల్లికి తల్లి ఎవరో ఆయనకు నోటికి వచ్చు. మీ అన్నయ్య పోయాక నేను చీరాల పాలకేంద్రంలో వెన్నశాతం చూస్తూ కూర్చున్న రోజుల్లో, ఒకనాడు మంచులో నిలబడి ఆవుతో తెలుగులో మాట్లాడతావని ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఒక మంచి కబురు. ఇంగ్లిష్ పరీక్ష మూడోసారికి పాసయ్యాను. రెండుసార్లూ వినికిడి భాగంలోనే పోయింది కదా. ఫ్రీసెన్ గారు జాబ్ లెటర్ మీద సంతకం పెట్టారు. ఇక్కడే స్థిరపడటానికి ప్రావిన్స్‌కు నామినేషన్ అప్లికేషన్ వేసేశాను. టీనాను డిపెండెంట్‌గా చూపించాను. వచ్చే ఏడు జూన్ తొమ్మిదికి దానికి ఇరవై రెండు నిండుతాయి. నిండితే ఇక డిపెండెంట్ కాదు. కానీ అప్లై చేసిన రోజు వయసే లెక్కలోకి తీసుకుంటారట, భయం లేదు. ఒక్కటే షరతు. నామినేషన్ వచ్చేదాకా నేను ఈ ఉద్యోగంలోనే ఉండాలి. పోతే ఈ అప్లికేషనూ పోతుంది.

గుంటూరు హాస్టల్లో కూర్చుని అది రోజూ అడుగుతుంది, “మమ్మీ, ఇంకెన్నాళ్లు?” అని. నర్సింగ్ పూర్తయింది. మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే నేనే వద్దన్నాను. నా దగ్గరికి రావలసిన పిల్ల అక్కడెక్కడికో ఎందుకు?

ఈ వేసవి నువ్వు మా వాగు మీదే పని చేస్తానన్నావు. అది మాత్రం బాగా వినబడింది. ఆ నీళ్లలో నీకు కావలసింది ఏముంది? వివరంగా రాయి.

నీ వదిన,
కృపాబాయి


సస్కటూన్
2 జూలై 2023

ప్రియమైన వదినకు,

నువ్వు కట్టిచ్చిన గోంగూర, కోడిగుడ్ల కూర రెండు రోజులు వచ్చాయి. మొదటి రోజు తూము దాటి అవతలి గట్టు మీద కూర్చుని తిన్నాను. ఎండ, గాలి, నీ చేతి కూర. చాలా రోజుల తర్వాత కడుపు నిండింది.

మొన్న నువ్వు అడిగిన దానికి దోమల మధ్య సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. ఆ వాగు వెళ్లి కలిసే సరస్సులో మూడు వేసవులుగా చేపలు వేలకొద్దీ చచ్చి తేలుతున్నాయి. నీళ్లలో కుళ్లే ఆకూ అలమూ ఎక్కువైతే ఆ కుళ్లు ఆక్సిజన్‌ను మింగేస్తుంది. చేపలకు ఊపిరి ఆడదు. మరి ఆ ఆకూ అలమూ ఎక్కడిది? గట్టు మీది విల్లో చెట్లదా, జమ్ముదా, పొలాలదా? కుళ్లి బురదైపోయాక కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. కానీ మొక్క పోయినా దాని కార్బన్ మిగులుతుంది. కార్బన్‌లో తేలికది ఒకటి, కాస్త బరువైనది ఒకటి ఉంటాయి. వాటినే ఐసోటోపులంటాం. విల్లో, జమ్ము, గోధుమ, కనోలా, ఇవన్నీ బరువైనదాన్ని చాలావరకు వదిలేస్తాయి. మన చెరకు, జొన్న, మొక్కజొన్న అంతగా వదలవు. వాగు నీళ్లను వడకట్టి, మిగిలినదాన్ని యంత్రంలో కాల్చి ఆ రెండింటి పాళ్లు చూస్తే, ఏ భాగం ఏ రకం మొక్కదో తెలుస్తుంది. ఈ చలిదేశపు పొలాల్లో రెండో రకం మొక్క మీరు ఆవుల మేతకు వేసే మొక్కజొన్న ఒక్కటే అనుకో. అందుకే నా లెక్క చాలా తేలిక.

నీతో ఒక పని పడింది. నేను పదిహేను రోజులకోసారి అంత దూరం రాలేను. మొక్కజొన్న ఆకు, విల్లో ఆకు, జమ్ము ఆకు, మూడింటినీ వేరువేరు కాగితం కవర్లలో పెట్టి, తేదీ వేసి పంపగలవా? ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది. ఫ్రీసెన్ గారి అనుమతి తీసుకో.

ఇది బాగా వస్తే వచ్చే ఏడాదికి నా పీహెచ్‌డీ అయిపోతుంది. తొమ్మిదో తరగతిలో సైన్స్ నా వల్ల కాదని ఏడిస్తే నువ్వు వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, లెక్క వచ్చేదాకా అన్నం పెట్టనన్నావు. ఆ లెక్క ఇక్కడిదాకా తెచ్చింది.

నీ ఆడపడుచు,
ఏనీ


హెరన్ క్రీక్
20 ఆగస్టు 2023

ఏనమ్మా,

పన్నెండు కవర్లు పంపుతున్నాను. జమ్ము కోయబోయి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి చెయ్యిచ్చి లాగింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇక్కడ నవ్వడానికి ఏదో ఒకటి దొరికితే వదలం.

ఫ్రీసెన్ గారిని అడిగాను. “ఆకులేగా కృపా, ట్రక్కు నిండా తీసుకో” అన్నారు. ఎందుకని అడిగితే, మా ఆయన చెల్లెలు యూనివర్సిటీలో చదువుతోంది, వాగులో చెత్త ఎవరిదో కనిపెడుతుంది అని చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. “మూడేళ్లుగా సరస్సు దగ్గరి కాటేజీల వాళ్లు నన్నే అంటున్నారు. నా పేడ, నా సైలేజీ మేత, నా మొక్కజొన్న. చదువుకున్న మనిషి ఒకరు వచ్చి చూస్తే అంతకంటే కావలసిందేముంది?” అన్నారు. ఆ తర్వాత నుంచి నేను ఆకులు కోసే రోజున నా పని ఆయనే కాసేపు చూసుకుంటున్నారు.

నువ్వు ఆయన మీది నింద పోగొడతావని నేను మాట ఇచ్చినట్టే అయింది. తొందరపడ్డానా?

టీనా వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. స్నేహితురాళ్లందరూ ఉద్యోగాల్లో చేరిపోయారట. ఓపిక పట్టమని నువ్వొకసారి చెప్పు, నీ మాటంటే దానికి గురి.

వదిన


సస్కటూన్
5 నవంబరు 2023

వదినా,

వచ్చేసింది! సెప్టెంబరు నమూనాల్లో, అక్టోబరు నమూనాల్లో, రెండింట్లోనూ ఒకటే మాట. వాగులో కొట్టుకుపోతున్న సన్నటి చెత్తలో దాదాపు సగం బరువు కార్బన్ రకానిది. అంటే మొక్కజొన్న. లెక్క ఇంత స్పష్టంగా రావడం అరుదని మా గైడ్ అన్నారు. లేబ్‌లో నా డెస్క్ దగ్గర కేక్ కోశారు. నువ్వు పంపిన ఆకులే నాకు కొలబద్ద. అవి లేకపోతే ఈ లెక్కే లేదు.

రిపోర్టు వాగు సంరక్షణ సంఘానికి పంపేశాం. వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. అందులో పొలాల పేర్లు ఏమీ రాయలేదు, కంగారు పడకు. చివర్న సహకరించినవాళ్లకు ధన్యవాదాలు చెప్పే చోట ‘శ్రీమతి కృపాబాయి’ అని అచ్చులో వేయించాను. నీ పేరు ఇంగ్లిష్‌లో అచ్చు కావడం ఇదే మొదటిసారి కదూ? కాపీ పంపుతున్నాను, దాచుకో. టీనాకు ఫొటో తీసి పంపాను.

టీనాతో మాట్లాడాను. “Fine, Annie atta, I'll wait” అంది. గుంటూరులో ఉండి మనకంటే ముందే కెనడా పిల్ల అయిపోయింది.

సంతోషంతో,
ఏనీ


హెరన్ క్రీక్
10 డిసెంబరు 2023

ఏనీకి,

నీ ఉత్తరం, రిపోర్టు అందాయి. నాకంటే ముందే ఆ రిపోర్టు ఫ్రీసెన్ గారికి అందింది.

పొలం పేరు రాయలేదన్నావు. ఈ వాగు మీద మొక్కజొన్న వేసేది ఇంకెవరమ్మా? ఉన్నది ఒక్క డెయిరీ. పేరు రాయలేదు గాని నా పేరు రాశావు. నేను ఎక్కడ పనిచేస్తానో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

గురువారం ఉదయం పాలు పితకడం అయ్యాక ఆయన ఆఫీసు గదిలోకి పిలిచారు. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. చివరి పేజీ తీసి నా పేరు మీద వేలు పెట్టారు.

“ఇది నువ్వేనా కృపా?”

“నేనే.”

“ఇలా వస్తుందని నీకు ముందే తెలుసా?”

“తెలియదు సార్. దేవుడి మీద ఒట్టు, తెలియదు.”

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. “సరే, వెళ్లి దూడల్ని చూడు” అన్నారు. మిగతా ఇద్దరు పనివాళ్లు అప్పటినుంచి నాతో కలిసి భోజనానికి కూర్చోవడం లేదు. వాళ్ల వర్క్ పర్మిట్లూ ఈ పొలం పేరు మీదే ఉన్నాయి.

సంఘం వాళ్లు మీటింగు పెట్టి తీర్మానం చేశారు. వాగు పక్క పొలంలో మొక్కజొన్న వేయకూడదట, పేడ చల్లకూడదట, మేత పులియబెట్టే సైలేజీ గుంట తీసేయాలట. ఆయన డెయిరీ పర్మిట్ రెన్యువల్ ఆగిపోయింది. ఆ పొలం లేకపోతే నూట నలభై ఆవులకు మేత రాదు. కొనసాగించే ఓపిక తనకు లేదని ఆయన కూతురితో ఫోన్లో అంటుంటే విన్నాను. నా వినబడని చెవికి కూడా అది వినబడింది.

ఏనీ, ఒక మాట అడుగుతాను. నువ్వు నీళ్లు ఎప్పుడూ తూముకు దిగువనే తీశావు. మా పొలం నీళ్లు వాగులో కలిసేదీ తూముకు దిగువనే. కానీ మంచు కరిగినప్పుడు తూముకు ఎగువ నుంచే చెత్త కుప్పలుగా కొట్టుకు రావడం నేను రెండేళ్లుగా చూస్తున్నాను. ఎగువన అంతా మనిషెత్తు గడ్డి. శరదృతువులో కోసి గట్టు మీదే వదిలేస్తారు. అదేం గడ్డో నాకు తెలియదు, ఎండితే ఎర్రగా అవుతుంది. మంచు కింద నుంచి కాస్త పీకి పంపమంటే పంపుతాను. ఒక్కసారి మళ్లీ చూడు. తప్పని తేలితే తేలిందని, లేదంటే లేదని చెప్పు. చూడకుండా మాత్రం చెప్పకు.

నామినేషన్ ఇంకా రాలేదు.

వదిన


సస్కటూన్
4 జనవరి 2024

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బాధగా ఉంది, కోపంగానూ ఉంది. దాచుకోకుండా రాస్తున్నాను.

ఎగువన గడ్డి ఉందని రాయమని నీకు ఫ్రీసెన్ గారు చెప్పారా? చెప్పినా తప్పు పట్టను, నీ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. కానీ ఎక్కడ నీళ్లు తీయాలో నేను, మా గైడ్ మ్యాపు ముందు పెట్టుకుని నిర్ణయించాం. యంత్రానికి ఫ్రీసెన్ గారు ఎవరో తెలియదు, నువ్వెవరో తెలియదు. అది పక్షపాతం చూపదు. ఒక మంచి మనిషి బాధపడుతున్నాడని నేను అంకెలు మార్చనా? అక్కడ కింద సరస్సులో వల వేసుకుని బతికేవాళ్లు ఉన్నారు. వాళ్లవీ బతుకులే.

అన్నయ్య ఉంటే నిజం వైపు నిలబడమనేవాడు. నువ్వు కూడా ఒకప్పుడు అదే చెప్పేదానివి.

నీకు వేరే డెయిరీలో ఉద్యోగం దొరక్కపోదు. సస్కటూన్ చుట్టుపక్కల నేనూ వాకబు చేస్తాను. నువ్వు అనవసరంగా భయపడుతున్నావని నా ఉద్దేశం.

ఏనీ


విన్నిపెగ్
25 ఫిబ్రవరి 2024

ఏనీకి,

ఈ నెల ఆరున ఆవులు వెళ్లిపోయాయి. ఐదు లారీలు వచ్చాయి. ఫ్రీసెన్ గారు ఒక్కొక్కదాని నంబరు చదువుతూ ఎక్కించారు. చివరి లారీ వెళ్లాక కూడా కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డారు. చలి మైనస్ ముప్పై. నేనే లోపలికి తీసుకొచ్చాను. అప్పుడే ఆయన నోరు ఒక పక్కకు వంకరపోవడం చూశాను. అంబులెన్స్ వచ్చేసరికి గంట పట్టింది. బతికారు. కుడిచెయ్యి రాదు, మాట ముద్దగా వస్తోంది.

ఉద్యోగం పోయింది కాబట్టి అప్లికేషన్ రిజెక్టయింది. కొత్త యజమాని దగ్గర ఆరు నెలలు చేస్తే గాని మళ్లీ అప్లై చేయకూడదు. అప్పటికి జూన్ తొమ్మిది దాటిపోతుంది. టీనాకు నిన్న చెప్పాను. అది ఏడవలేదు. “ఓకే మమ్మీ” అంది.

ఇక్కడ సీతాదేవి గారని ఒక తెలంగాణ ఆవిడ తన బేస్‌మెంట్‌లో గది ఇచ్చారు. ఆవిడ చర్చికి రారు గాని ఆదివారం ఆవిడే నన్ను డ్రైవ్ చేసి దింపుతారు.

గడ్డి గురించి రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఉత్తరం నేనే రాశాను. మీ అన్నయ్య కిడ్నీలు పోయి ఆసుపత్రిలో ఉన్న పదకొండు నెలలూ పక్కన ఉన్నది నేను. ఆయన ఏమనేవారో నాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

వదిన


సస్కటూన్
9 జూన్ 2024

వదినా,

ఈరోజు టీనా పుట్టినరోజు. మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మార్చిలో నీకు రాసిన ఉత్తరం అందిందా? సీతాదేవి గారి నంబరు సంపాదించి రెండుసార్లు ఫోన్ చేశాను. “ఆమె పండుకున్నదమ్మా, తర్వాత చెయ్” అన్నారు. పగలు మూడింటికి.

ఇంకో విషయం ఉంది. ఇంకా ఖాయం కాలేదు. అయ్యాక రాస్తాను.

ఏనీ


సస్కటూన్
18 ఆగస్టు 2024

వదినా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక వారం పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏప్రిల్ చివర్లో మంచు కరుగుతున్నప్పుడు మళ్లీ వాగు దగ్గరికి వెళ్లాను. కొట్టం తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయి. పొలం దున్నలేదు, ఏమీ వేయలేదు. మొక్కజొన్న లేదు కాబట్టి ఆ గుర్తు తగ్గుతుందని, అది చూపిస్తే థీసిస్‌లో ఇంకో అధ్యాయం అవుతుందని వెళ్లాను. నా మనసులో ఉన్నది అదే. తగ్గలేదు. ఇంకా పెరిగింది.

పాత మొక్కజొన్న మిగులు కాబోలు అని ముందు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. తర్వాత మే నెలలో తూము దాటి ఎగువకు వెళ్లి నీళ్లు తీశాను. అక్కడ మీ పొలం నీటిచుక్క కూడా కలవదు. అదే అంకె వచ్చింది. గడ్డి కోసుకొచ్చి కాల్చాను. బరువు కార్బన్. అది ఈ ప్రెయిరీ మైదానాల్లో మనుషులు పొలాలు వేయకముందు నుంచి ఉన్న గడ్డి. చలిదేశంలో మొక్కజొన్న ఒక్కటే అని నీకు రాశాను చూడు, అది పుస్తకం చూడకుండా రాసిన మాట. ఆకుల మీది మైనాన్ని విడదీసి మళ్లీ కొలిచాను. మొక్కజొన్న మైనం వేరు, ఆ గడ్డి మైనం వేరు. వాగులో ఉన్నది చాలావరకు గడ్డిదే. మీ పొలానిది నూటికి నాలుగైదు పాళ్లు.

ఆ గడ్డిని గట్టు కాపాడటానికని ఆరేళ్ల కిందట నాటించింది సంరక్షణ సంఘం వాళ్లే. కోసి గట్టున వదిలేసేదీ వాళ్లే.

దీనికంటే చెడ్డది ఒకటుంది. అది చెప్పకపోతే ఈ ఉత్తరం రాసీ ప్రయోజనం లేదు. ఆ గడ్డిని నేను చూశాను వదినా. నిరుడు నువ్వు కట్టిచ్చిన కూర దాని మీద కూర్చునే తిన్నాను. ఇదేమిటని ఒక్క క్షణం అనిపించింది కూడా. పరీక్షించాలంటే ఇంకో వరస నమూనాలు, యంత్రం కోసం ఇంకో రెండు నెలలు ఆగాలి. రెండే రకాలైతే లెక్క చక్కగా కుదురుతుంది. అందుకే లేచి ఒళ్లు దులుపుకుని వచ్చేశాను. డిసెంబరులో నువ్వు రాసినప్పుడు నాకు అది గుర్తొచ్చింది. గుర్తొచ్చే నీకు అంత కోపంగా రాశాను.

సంఘానికి సవరణ పంపాను. మీటింగు మినిట్స్‌లో ‘అందినట్టు నమోదు చేశాం’ అని ఒక వాక్యం రాశారు. అంతే. మా గైడ్ చదివి, “ఇది మొదటిదానికంటే మంచి పేపర్ అవుతుంది” అన్నారు. నేను కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను. చేపలు ఆ గడ్డి కుళ్లు వల్లే చచ్చాయో, ఇంకేదైనా కారణమో కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఈ వేసవి కూడా చచ్చాయి.

ఫ్రీసెన్ గారికి ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం రాసి ఇందులో పెడుతున్నాను. నేనే వెళ్లాను, ఆయన్ను చేర్చిన కేర్ హోమ్ గుమ్మం దాకా. లోపలికి పోలేకపోయాను. నీకు వీలైతే చదివి వినిపించు. లేకపోతే చింపేయి.

ఇమిగ్రేషన్ లాయర్లను ముగ్గురిని కలిశాను. టీనాకు వయసు దాటిపోయాక దారి లేదన్నారు. మానవతా కారణాల మీద అప్లై చేయొచ్చని ఒకరన్నారు, కానీ ఆశ పెట్టుకోవద్దని ఆయనే అన్నారు.

నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

ఏనీ


విన్నిపెగ్
6 అక్టోబరు 2024

ఏనీకి,

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ముందు ఫ్రీసెన్ గారి సంగతి. సీతాదేవి గారు రెండు గంటలు డ్రైవ్ చేసి నన్ను కేర్ హోమ్‌కు తీసుకెళ్లారు. ఆయన కిటికీ పక్క చక్రాల కుర్చీలో ఉన్నారు. గడ్డం ఎవరో సరిగా గీయలేదు. నన్ను గుర్తుపట్టి ఎడమచెయ్యి చాచారు. నీ ఉత్తరం నాకొచ్చిన ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చదివాను. మొదటిసారి ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నారు. రెండోసారి చదివితే నా వైపు తిరిగారు.

“గడ్డా?” అన్నారు.

“అవును సార్. గడ్డి. మీ మొక్కజొన్న కాదు.”

“నేను చెప్పాను కదా కృపా.”

“చెప్పారు.”

నీ గురించి ఏమైనా అంటారేమోనని చూశాను. “సాయంత్రం పాలు పితికారా?” అని అడిగారు. ఆవులు అమ్మేశారన్న సంగతి ఆయనకు నిలవడం లేదని, ఎన్నిసార్లు చెప్పినా అప్పుడే విన్నట్టు ఏడుస్తారని నర్సు ముందే చెప్పింది. “పితికాం సార్” అన్నాను. “నలభై ఒకటి కాలు విసురుతుంది, చూసుకో” అన్నారు. చూసుకుంటానన్నాను. నీ ఉత్తరం ఆయన ఒడిలోనే వదిలి వచ్చాను. ఎవరు తీసి ఎక్కడ పడేశారో తెలియదు.

నాకు కొత్త వర్క్ పర్మిట్ రాలేదు. ఒక పందుల ఫారం వాళ్లు తీసుకుంటామని చివరికి వెనక్కి తగ్గారు. వినబడని మనిషి మిషన్ల మధ్య ప్రమాదమన్నారు. వాళ్ల మాటా నిజమే. ఈ నెల పంతొమ్మిదికి నా టికెట్. చీరాల వెళ్లి ఏం చేస్తానో నాకు తెలియదు. పాలకేంద్రంలో నా కుర్చీలో ఇప్పుడు ఎవరో ఉంటారు.

టీనా అక్కడ ఉండదు. జూలైలో మస్కట్ వెళ్లిపోయింది. నిరుడు నేను వద్దన్న ఆసుపత్రే, ఇప్పుడు తక్కువ పోస్టులో. నేను వస్తున్నానని చెబితే, “ఇక నా కోసం ఏమీ చేయొద్దు మమ్మీ, ప్లీజ్. నేను చూసుకుంటాను” అంది. తిట్టలేదు. తిడితే తల్లినని ఇంకా అనుకుంటోందని సంతోషపడేదాన్ని.

నువ్వు గడ్డిని చూసి కూడా వదిలేశావని రాశావు. ఆ వాక్యం రాయకుండా ఉండొచ్చు, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రాశావు. నేను పెంచిన ఏనీవే అనుకున్నాను. అనుకున్న మరుక్షణం ఒళ్లు మండిపోయింది. రెండూ నిజమే. తెలియక చేసిన తప్పయితే నాకు ఇంత కష్టం కాదు.

క్షమించాను అని రాయడానికి ఐదారుసార్లు కూర్చున్నాను. పెన్ను ఆ మాట దగ్గరికి పోలేదు. ఫ్రీసెన్ గారితో ఒక అబద్ధం చెప్పాను, ఆయనకు అది మందు లాంటిది. నీకు మాత్రం అబద్ధం చెప్పను.

ఎయిర్‌పోర్టుకు రావద్దు. నీ చదువు వదలకు. వదిలితే ఇదంతా దేనికి జరిగినట్టు? చీరాల అడ్రసుకు ఇప్పుడే ఉత్తరాలు రాయకు. రాయాలనిపించిన రోజు నేనే రాస్తాను. ఆ రోజు వస్తుందని మాట ఇవ్వలేను.

ఆదివారం చర్చిలో పరలోక ప్రార్థన అందరితో పాటు మొదలుపెడతాను. మన పట్ల తప్పు చేసినవాళ్లను క్షమించే మాట వచ్చే చోట నా నోరు ఆగిపోతుంది. పక్కవాళ్లు ఆగరు, చెప్పుకుంటూ పోతారు. నేను తల వంచుకుని ఉండి, ఆ తర్వాతి మాట దగ్గర వాళ్లతో కలుస్తాను.

కృపాబాయి